ఐదో మ్యాచ్ అవసరం పడితే

మానవ నాగరికత ఇంతవరకు రూపొందించిన వ్యవస్థలన్నింటిలోనూ స్త్రీపురుష సమానత్వాన్ని ఏ లోటూ లేకుండా సాధించినది ఒక్కటే ఉంది. అది ప్రాంతీయ క్రీడోత్సవాల్లో జరిగే మిశ్రమ జట్టు బ్యాడ్మింటన్ పోటీ. చట్టాలు చేయలేని పని, పెళ్లిళ్లు చేయలేని పని, ఒక నెట్టూ నాలుగు గీతలూ చేసి చూపించాయి. (ఇది నా అభిప్రాయం కాదు. ప్రారంభోత్సవం నాడు ఆటల కార్యదర్శిగారు చదివిన ప్రసంగంలో రెండో పేరా.)

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. ప్రతి జట్టులోనూ మగవాళ్లు ఉంటారు, ఆడవాళ్లు ఉంటారు. రెండు జట్లు తలపడినప్పుడు ఐదు మ్యాచ్‌లు. మగవాళ్ల సింగిల్స్, ఆడవాళ్ల సింగిల్స్, ఒక ఆడా ఒక మగా కలిసి ఆడే మిక్స్‌డ్ డబుల్స్, మగవాళ్ల డబుల్స్, ఆడవాళ్ల డబుల్స్. ముందుగా మూడు గెలిచినవాళ్లదే గెలుపు. మూడు తేలిపోయాక మిగిలినవి ఆడించరు. కరెంటు దండగ.

ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడానికి క్రమనిర్ణయ ఉపసంఘం అని ఒకటి ఉంది. ఆ పెద్దమనుషులు ఏటా సమావేశమై, టీ తాగి, పాత క్రమాన్నే కొత్తగా నిర్ణయిస్తారు. ఆ క్రమంలో ఆడవాళ్ల డబుల్స్ ఐదోది. ఎందుకని ఎవరో ఒకసారి అడిగితే, విలువైనదాన్ని చివరికి దాచుకోవడం మర్యాద అని ఉపసంఘం అధ్యక్షులు సెలవిచ్చారు. ఇంకొక సభ్యులు, ఆడవాళ్లు తయారవడానికి టైము పడుతుంది కదా అని గుర్తుచేశారు. రెండు కారణాలూ మినిట్స్‌లోకి ఎక్కాయి.

ఇంత మర్యాదగా దాచిపెట్టిన ఐదో మ్యాచ్‌లో సగభాగం మా తోడికోడలు. అంటే మా ఆఖరి మరిది భార్య. పగలు నీటి పన్ను ఆఫీసులో కిటికీ వెనక కూర్చుంటుంది. తెల్లవారుజామున మున్సిపల్ హాల్లో షటిల్ ఆడుతుంది. రెండో సగభాగం ఒక స్కూల్లో డ్రిల్లు టీచరు. ఈ ఇద్దరూ పన్నెండేళ్లుగా మా జట్టు తరఫున ఆడవాళ్ల డబుల్స్ జోడీ. పన్నెండేళ్లుగా జట్టుతో పాటు బస్సెక్కుతున్నారు, కవాతులో నడుస్తున్నారు, గ్రూప్ ఫోటోలో మొదటి వరసలో కూర్చుంటున్నారు. ఇంతవరకు ఒక్క మ్యాచ్ ఆడలేదు. నాలుగో మ్యాచ్ ముగిసేలోపే గెలవడమో ఓడడమో జరిగిపోతుంది. ఏటా ఇచ్చే ట్రాక్ సూట్లు చెమట ఎరగకుండా ఇంటికి వచ్చేవి. మా పిల్లలందరూ చలికాలాలు వాటితోనే వెళ్లదీశారు.

జట్టు మేనేజరుగారు గోడౌన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి. మూడో గెలుపు ఖాయం కాగానే, లేదా మూడో ఓటమి ఖాయం కాగానే, ఒళ్లు వేడెక్కించుకుంటున్న ఈ ఇద్దరి దగ్గరికీ వచ్చి, "అయిపోయిందమ్మా, బట్టలు మార్చుకోండి" అనేవారు. గెలుపుకీ ఓటమికీ గొంతులో తేడా ఉండేది కాదు. ఆయన అసలు పేరు జట్టులో చాలామందికి తెలియదు. అయిపోయిందమ్మాగారు అంటే అందరికీ తెలుసు.

ఇలాంటి జోడీ మా జట్టుకి ఒక్కదానికే ఉందనుకుంటే పొరపాటు. ఏటా ఫైనల్లో మాకు ఎదురయ్యే జట్టులో ఒక నర్సూ, ఒక టైలరమ్మా ఉన్నారు. వాళ్లదీ ఐదో మ్యాచే. నలుగురూ హాలు చివర, మంచినీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద ఇన్నేళ్లుగా కలిసి కూర్చుంటున్నారు. ఒకరి పిల్లల మార్కులు, ఒకరి మోకాలి నొప్పి, ఒకరి అత్తగారి చెవుడు, అన్నీ అందరికీ తెలుసు. ఒకరి సర్వీసు ఎలా ఉంటుందో మాత్రం ఒకరికి తెలియదు.

ఈ ఏడు సంగతి వేరు. నలభై నిండినవాళ్లను జట్టులోకి తీసుకోకూడదని నిబంధన. (మేనేజర్లకు, కార్యదర్శులకు, ఉపసంఘాలకు ఇది వర్తించదు. అనుభవం ముఖ్యం.) మా తోడికోడలికి వచ్చే నెలలో నలభై నిండుతాయి. అంటే ఇది ఆఖరి బస్సు. ఈసారి ఆడకపోతే ఇక ఆడడం ఉండదు. ఆ ముక్క ఆవిడ ఎవరితోనూ అనలేదు. రాకెట్ పిడికి కొత్త గ్రిప్ చుట్టించుకుంది, అంతే.

మా అత్తగారు కూడా ఫైనల్‌కి వస్తానని బయల్దేరింది.

"పన్నెండేళ్లుగా పొద్దున్నే పాలు నేను కాస్తున్నాను. ఇది అక్కడికి పోయి ఏం చేస్తుందో ఒకసారి చూడొద్దూ?"

చేసేది ఏమీ ఉండదు అత్తయ్యా, కూర్చోవడమే అని నేను వివరించాను. కూర్చునేదానికి అన్ని జతల బూట్లు ఎందుకే అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు క్రమనిర్ణయ ఉపసంఘమే జవాబు చెప్పాలి.

ఫైనల్ మొదలైంది. మిక్స్‌డ్ డబుల్స్ మేం గెలిచాం. మగవాళ్ల సింగిల్స్ వాళ్లు గెలిచారు. ఆడవాళ్ల సింగిల్స్ మేం గెలిచాం. రెండు, ఒకటి. నాలుగోది మగవాళ్ల డబుల్స్. మా తరఫున ఆడేవాళ్లు ఒకే ఆఫీసులో పెద్ద ఇంజనీరు, చిన్న ఇంజనీరు. ఏళ్లుగా ఓటమి ఎరగని జోడీ. మేనేజరుగారు అలవాటుగా లేచి, మంచినీళ్ల డ్రమ్ము వైపు నాలుగు అడుగులు వేసి ఆగారు. ముఖ్య అతిథి కారు దిగారని కబురు వచ్చింది.

అలాంటప్పుడు జట్టు సభ్యురాలు ఏం చేయాలి? మగవాళ్లు గెలవాలని చప్పట్లు కొట్టాలి. వాళ్లు గెలిస్తే తన ఆట పోతుంది. వాళ్లు ఓడాలని కోరుకుంటే తన పరువు పోతుంది. నిబంధనల పుస్తకంలో దీనికి పరిష్కారం లేదు. మా తోడికోడలు చప్పట్లే కొట్టింది. పక్కన డ్రిల్లు టీచరు కూడా కొట్టింది.

అత్తగారు కాసేపు చూసి, ముందుకు వంగి చెవిలో అంది. "కొడుతున్నావు గానీ చేతులు ఒకదానికొకటి తగలట్లేదేమే."

"తగులుతున్నాయి అత్తయ్యా."

"నాకు వినబట్టం లేదు."

"మీకు మామూలుగానే వినబడదు కదా."

"తల్లీ, నీ చెయ్యి కనబడుతోంది."

అప్పుడు జరిగింది, మా జట్టు చరిత్రలో ఎన్నడూ జరగనిది. కోర్టు మధ్యలోకి షటిల్ కాక్ దిగడం మొదలైంది. మధ్యలో దిగే కాక్ ఎవరిదన్నది పరిపాలనా సమస్య. పెద్ద ఇంజనీరుకి ఆ మధ్యే పదోన్నతి వచ్చింది. పై అధికారి పరిధిలో దిగుతున్న కాక్‌ను కింది అధికారి చొరవ తీసుకుని కొట్టడం చిన్న ఇంజనీరుకి సబబుగా తోచలేదు. కింది అధికారి చేయాల్సిన పనిని తానే చేయడం పెద్ద ఇంజనీరు హోదాకి తగినట్టు అనిపించలేదు. కాక్ ఇద్దరి మధ్యా మర్యాదగా వచ్చి వాలింది. మళ్లీ వాలింది. అలా వాలుతూ వాలుతూ మ్యాచ్ చేజారింది. రెండు, రెండు.

మేనేజరుగారు నోరు తెరిచి, అనవలసిన మాట దొరక్క, మళ్లీ మూసుకున్నారు.

ఐదో మ్యాచ్‌కి ఏర్పాట్లు లేవు. అవసరం పడని వాటికి ఏర్పాటు చేయడం దుబారా కిందికి వస్తుంది. స్కోరు కాగితాలు నాలుగే అచ్చు వేయించారు. లైన్ అంపైర్లు భోజనం కూపన్లు తీసుకుని వెళ్లిపోయారు. బహుమతి ప్రదానం కోసం వేదిక దగ్గర్నుంచి కోర్టు మధ్యగా ఎర్ర తివాచీ పరిచేశారు. తరువాతి పోటీ బరువులెత్తేవాళ్లది. వాళ్లు ఇనప చక్రాలతో సహా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

బంతుల గదిలో అత్యవసర సమావేశం జరిగింది. (అందులో మాట్లాడింది తలుపు దగ్గర నిలబడ్డ అందరికీ వినిపించింది.) రెండు జట్లనూ విజేతలుగా ప్రకటిద్దామని ఒకరన్నారు. కప్పు ఒక్కటే ఉందని కోశాధికారి అన్నారు. అసలు గొడవ మగవాళ్ల డబుల్స్‌లో వచ్చింది కాబట్టి దాన్నే ఇంకోసారి ఆడిద్దామని ఒకరన్నారు. ఆడవాళ్ల డబుల్స్‌ని వాళ్ల తరఫున మగవాళ్లు ఆడి త్వరగా ముగించవచ్చునా అని కార్యదర్శిగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. వచ్చని లేదు, రాదని కూడా లేదు. అందువల్ల ఆ ప్రతిపాదనను వచ్చే ఏటికి వాయిదా వేశారు. చివరికి టాస్ వేసి జట్టు విజేతను తేల్చాలని తీర్మానించారు. మహిళల భాగస్వామ్యానికి భంగం రాకుండా టాస్‌కి నలుగురు మహిళలనే పిలవాలని సవరణ కూడా చేశారు. ఆ సవరణ ఏకగ్రీవం.

నలుగురూ రాకెట్లు పట్టుకుని నెట్టు దగ్గరికి వచ్చారు. తీర్మానం సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదని ఇప్పుడు కొందరంటున్నారు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లలో మా తోడికోడలు కూడా ఉంది. నేను చూశాను.

అంపైరు నాణెం ఎగరేశారు. మా తోడికోడలు బొరుసు అంది. బొరుసే పడింది. కార్యదర్శిగారు మైకు అందుకుని, మా జట్టు విజేత అయిందని ప్రకటించారు. మేనేజరుగారికి పోయిన మాట తిరిగి వచ్చింది. "అయిపోయిందమ్మా, బట్టలు..."

"సర్వీస్ మాది," అంది మా తోడికోడలు.

అంపైరుకి అర్థం కాలేదు.

"టాస్ గెలిచినవాళ్లు సర్వీసన్నా తీసుకోవాలి, కోర్టులో వైపన్నా కోరుకోవాలి. రూలు మీకు తెలీదా సార్? మేం సర్వీసు తీసుకున్నాం."

"అయితే మాకు ఈ వైపు," అంది నర్సు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

టైలరమ్మ తివాచీ ఒక అంచు పట్టుకుంది. డ్రిల్లు టీచరు రెండో అంచు పట్టుకుని, స్కూల్లో పిల్లలను ఒక పక్కకు తోలేటప్పటి గొంతుతో, ముఖ్య అతిథి పక్కన నిలబడ్డ ఉపసంఘాన్ని జరగమంది. ఉపసంఘం జరిగింది. ముఖ్య అతిథి ఆనందించి, ఇది కార్యక్రమంలో ఉందా అని అడిగారు. కార్యదర్శిగారు, ఉంది సార్, మహిళల ప్రదర్శన అన్నారు. ముఖ్య అతిథి కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక లేపగలిగినవారు ఎవరూ అక్కడ లేరు.

పన్నెండేళ్ల సాధన తర్వాత మా తోడికోడలు కొట్టిన మొదటి సర్వీసు నెట్టులో పడింది.

రెండోది పడలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో వర్ణించేంత ఆట నాకు రాదు. లైన్ అంపైర్లు లేరు కనుక, గీత దాటిందో లేదో వాళ్లే చెప్పుకున్నారు. తన దుస్తులకు కాక్ తగిలిందని నర్సు తనంతట తనే చెయ్యెత్తి పాయింటు వదులుకుంది. మధ్యలో దిగిన ప్రతి కాక్‌నీ ఎవరో ఒకరు "నాదే" అని కేక వేసి కొట్టారు. అది చూసి పెద్ద ఇంజనీరు ఏదో నోట్ చేసుకున్నారు. మూడో గేమ్ దాకా వెళ్లింది. ఆఖర్న రెండు పాయింట్ల తేడాతో మావాళ్లు ఓడిపోయారు. బరువులెత్తేవాళ్లు చక్రాలు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

మా తోడికోడలు తడిసి ముద్దయి వచ్చి అత్తగారి పక్కన కూలబడింది.

"ఓడిపోయావా?"

"ఓడిపోయాం అత్తయ్యా." అంత సంబరంగా ఆ మాట చెప్పినవాళ్లను నేను చూడలేదు.

"దీనికా నేను పన్నెండేళ్లు పాలు కాచింది," అంది ఆవిడ. అంటూనే నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, కొంగుతో కోడలి మెడ తుడిచింది.

కప్పు మాకే ఇచ్చారు. అది వాళ్లదని మా తోడికోడలు వేదిక మీదే చెప్పింది. టాస్ అయ్యాక ఫలితం మారదమ్మా, మైకులో కూడా చెప్పేశాం అన్నారు కార్యదర్శిగారు. నర్సూ టైలరమ్మా రెండో బహుమతి తీసుకున్నారు. నలుగురూ కలిసి ఫోటో దిగబోతే, విజేతలు వేరుగా, పరాజితులు వేరుగా నిలబడాలని ఫోటోగ్రాఫరు సర్దాడు.

ఆఖరి ఏడు కదా అని జట్టువాళ్లు కప్పు మా ఇంటికే పంపారు. మా తోడికోడలు నాలుగు రోజులు దాని వైపు చూడలేదు. ఐదో రోజు ఒక దరఖాస్తు రాసి నాకు చూపించింది. తాను ఫలానా ఫైనల్లో ఆడవాళ్ల డబుల్స్ ఆడి, మూడు గేముల్లో ఓడిపోయినట్టు ధ్రువీకరించి పత్రం ఇప్పించవలసిందని ప్రార్థన.

"ఎందుకే ఇది? గెలిచినట్టు సర్టిఫికెట్ ఇచ్చారుగా."

"అది టాస్‌కి ఇచ్చారక్కా. నాకు ఆటది కావాలి."

కార్యదర్శిగారి కార్యాలయం మాట నిలబెట్టుకునే కార్యాలయం. మూడు వారాల్లో జవాబు వచ్చింది. తమ దరఖాస్తును సానుభూతితో పరిశీలించామని, ఓటమిని ధ్రువీకరించాలంటే దరఖాస్తుదారు ముందుగా ఆడి ఉండాలని, రికార్డులన్నీ తిరగేసి చూడగా తమరు మా క్రీడోత్సవాల్లో ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఆడినట్టు లేదని అందులో ఉంది. కింద సంతకం, సంతకం పైన, విజేతగా నిలిచినందుకు మరోమారు అభినందనలు.