బాల్కనీలో పన్ను

ఆ ఆదివారం లెక్కల టీచరమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. భోజనాల వేళకల్లా చెక్కలో రెండు మాటలు కొయ్యాలి. మొదటి మాట "పన్ను", రెండో మాట "సలహాదారు".

ఆవిడ భర్త పన్నెండేళ్ళుగా ఒక ఆడిటరు దగ్గర పనిచేశాడు. ఆయన సంతకం పెట్టే కాగితాలన్నీ తనే తయారుచేసి చేసి, చివరికి "ఇంకెన్నాళ్ళు ఒకరి కింద?" అని బయటపడ్డాడు. బజారు వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సోమవారం పొద్దున్న తలుపులు తెరవాలి. బోర్డు రాయించడానికి పెయింటరు దగ్గరికి బయల్దేరుతుంటే టీచరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇంట్లో నేనుండగా పెయింటరెందుకండీ? చెక్కలో కోసిస్తాను. ఎండకీ వానకీ చెక్కుచెదరదు."

"రేపటికల్లా అవుతుందా?" అన్నాడాయన అనుమానంగా. ఇంట్లో అప్పటికే ఆవిడ కోసిన చెక్క ఏనుగులు ఒక మంద, చెక్క గడియారాలు మూడు ఉన్నాయి. గడియారాల్లో ఒక్కటే నడుస్తుంది.

"మధ్యాహ్నానికే అవుతుంది. మీరెళ్ళి ఆ గదికి బల్బులు పెట్టించుకురండి."

టీచరమ్మకు స్క్రోల్ సా పిచ్చి పట్టి మూడేళ్ళయింది. ఆ మిషను చూడ్డానికి కుట్టుమిషనుకు దూరపు చుట్టంలా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట పీచులాంటి సన్నటి రంపపు బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. స్విచ్ వేస్తే అది పైకీ కిందికీ ఆడుతుంది. గీసుకున్న గీత వెంట చెక్కను ఓపిగ్గా తిప్పుకుంటూ పోతే పువ్వు గీస్తే పువ్వు, అక్షరం గీస్తే అక్షరం తెగి చేతికొస్తుంది. ఓపిక తప్పితే బ్లేడు తెగి చేతికొస్తుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళే ఇంకో ఇద్దరు ఆవిడకు దొరికారు. ఒకరు వంపులు కొయ్యడంలో చెయ్యి తిరిగిన టైలరు. రెండోవారు బస్సు కండక్టరు. వారమంతా జనాన్ని లోపలికి జరగమని అరిచి అరిచి, ఆదివారం ఒక్కరోజైనా అరవనవసరం లేని పని కావాలని చేరాడు. అరవడం మాత్రం మానలేదు.

ముగ్గురూ కలిసేది టీచరమ్మ వాళ్ళు అద్దెకుంటున్న మేడ మీది వాటాలో. కింది వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు. ఇంట్లో దిగిన రోజే ఇంటావిడ ఖరాఖండిగా చెప్పింది: "ఇది కాపురాలుండే ఇల్లమ్మా. కొట్లూ వ్యాపారాలూ పెట్టుకునే ఇల్లు కాదు. అలాంటిదేమైనా నా కంటబడిందా, నెల తిరిగేలోపు ఖాళీ చెయ్యాలి." అందుకని టీచరమ్మ మిషను కింద పాత పరుపు మడతపెట్టి వేసి, కిటికీలు మూసి, ఆ చప్పుడు మిక్సీది అనిపించే ఏర్పాట్లు చేసింది. ప్రతి ఆదివారం గంటల తరబడి మిక్సీలో ఈవిడ ఏం రుబ్బుతుందో ఇంటావిడకు అంతుచిక్కలేదు. తమకెప్పుడూ గిన్నెడు కూర కూడా రాలేదని మాత్రం గుర్తుపెట్టుకుంది.

పది గంటలకల్లా "పన్ను" పూర్తయింది. తెలుగు అక్షరాలతో వచ్చిన చిక్కేమిటంటే తలకట్లూ ఒత్తులూ విడివిడిగా ఊడొస్తాయి. వాటన్నిటినీ టైలరు జిగురుతో ఒక పలచని పట్టీకి అంటించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. టీచరమ్మ రబ్బరు తొడుగులు వేసుకుని దానికి ముదురు ఎర్ర రంగు పూసి, ఆరడానికి బాల్కనీలో బట్టలారేసే తీగకు వేలాడదీసింది. జానెడేసి ఎత్తున్న ఎర్రటి అక్షరాలు వీధివైపు తిరిగి గాలికి ఊగుతున్నాయి.

రెండో మాట దగ్గర కష్టాలు మొదలయ్యాయి. చెక్కలో ముడి తగిలి బ్లేడు మొరాయించింది. ఈలోగా కండక్టరు చెక్కను నొక్కి పట్టుకోబోయి వేలు గీరుకుని, డిపో దాకా వినబడేటట్టు "అమ్మో!" అన్నాడు.

"మరేం కాదు, గుడ్డ చుట్టుకోండి" అంది టీచరమ్మ. "దీని పళ్ళన్నీ అరిగిపోయాయి. ఇక లాభం లేదు, పీకేసి కొత్తది పెడదాం. ఆ పటకారు ఇలా ఇవ్వండి."

ఉక్క భరించలేక అప్పటికే కిటికీ తెరిచారు. ఈ మాటలు తిన్నగా కింది వరండాలోకి దిగాయి. అక్కడ ఇంటాయన కుడి దవడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆయనకు రెండు రోజులుగా పన్ను నొప్పి. పళ్ళ డాక్టరు వీధి చివరే ఉన్నాడు. నిన్న ఇంటాయన అక్కడి కుర్చీ దాకా వెళ్ళి, పక్కన పళ్ళెంలో పేర్చిన సామాను చూసి, కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి వచ్చేశాడు. కళ్ళజోడు ముఖానే ఉంది. అప్పట్నుంచి భార్య సూటిపోటి మాటలు నొప్పికి తోడయ్యాయి.

పైనుంచి "పళ్ళు, పీకేసి కొత్తది" అన్న మాటలు విని ఆయన వీధిలోకి వచ్చి తలెత్తి చూశాడు. బాల్కనీలో "పన్ను" కనబడింది. మిషను ర్ర్‌ర్‌మన్న చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ మిక్సీ అనుకున్నది ఇదన్నమాట! ఇంటి కప్పు కిందే వైద్యం పెట్టుకుని, వీధి చివరి కసాయి దగ్గరికి వెళ్ళడమేమిటి? లెక్కల టీచరంటే నెమ్మదస్తురాలు. ఇంటావిడకు తెలిస్తే ఊరుకోదని తువ్వాలు ముఖానికి చుట్టుకుని, పిల్లిలా మెట్లెక్కాడు.

ముందు గదిలో టైలరు ముక్కుకు గుడ్డ కట్టుకుని చెక్క రుద్దుతున్నాడు. డిపోలో ఒక డ్రైవరు ఈ పని నేర్చుకోవడానికి ఇవాళ వస్తానన్నాడని పొద్దున్నే కండక్టరు చెప్పాడు. తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, దుమ్ముకు జాగ్రత్తపడి వచ్చిన డ్రైవరే అనుకున్నాడు టైలరు.

"రండన్నా, మీ కోసమే చూస్తున్నాం. మొదటిసారా?"

"అవునండి" అన్నాడు ఇంటాయన, వాళ్ళు తన కోసం ఎందుకు చూస్తున్నారో అర్థం కాకపోయినా. "కొంచెం భయంగా ఉంది."

"మొదట్లో అందరికీ భయమే. చాలా సులువండి. ముందు చిన్న బెజ్జం పెడతాం. అందులోంచి బ్లేడు దూర్చి, బిగించి, చుట్టూ కోసుకుంటూ వస్తాం. లోపలిదంతా ముక్క కింద ఊడి పడిపోతుంది."

ఇంటాయన తువ్వాలును ఇంకాస్త బిగించుకున్నాడు. "మరి... మత్తు?"

టైలరు ముచ్చటగా నవ్వాడు. "ఆ మత్తు గురించి చెప్పాలంటే మాటలు చాలవు! ఒకసారి మొదలెట్టారా, తిండీ నిద్రా గుర్తుండవు. మా ఆవిడ పిలిచినా వినబడదు."

"మందు లేకుండానే?"

"మందెందుకన్నా, ఇదే పెద్ద మందు."

లోపలి గదిలోంచి టీచరమ్మ కేకేసింది: "కొత్తాయనొచ్చాడా? లోపలికి పంపండి. చూస్తే భయం అదే పోతుంది."

టైలరు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ కండక్టరు వేలికి నెత్తురు గుడ్డ చుట్టుకుని గోడకు చేరబడి మూలుగుతున్నాడు. టీచరమ్మ కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ, మోచేతుల దాకా ఎర్రటి తొడుగులు వేసుకుని, ఒక చేత్తో పటకారు పట్టుకుని ఇటు తిరిగింది. వెనక మిషను ఆడుతోంది.

"రండి, కూర్చోండి. పాతది పీకి కొత్తది పెట్టేశాను, ఇక మీదే ఆలస్యం" అంది.

ఇంటాయన కూర్చోలేదు. ఒక చెప్పు గుమ్మంలో, తువ్వాలు మెట్ల మీద వదిలేసి, రెండేసి మెట్లు దూకుతూ దిగి, గేటు దాటి, వీధి చివరిదాకా ఆగకుండా పరిగెత్తాడు.

"డ్రైవరనగానే ధైర్యస్తుడనుకున్నాను" అన్నాడు టైలరు.

"ఏ డ్రైవరు? మా డ్రైవరు ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు, పారిపోయే రకం కాదు" అన్నాడు కండక్టరు.

టీచరమ్మకు ఆ నడక ఎక్కడో చూసినట్టే అనిపించింది. కానీ "సలహాదారు"లో ఇంకా మూడక్షరాలు మిగిలున్నాయి. ముందు పని చూసుకుంది.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఇంటాయన పరిగెత్తినవాడు పరిగెత్తినట్టే వెళ్ళి పళ్ళ డాక్టరు కుర్చీలో తనంతట తానే కూర్చుని నోరు తెరిచాడట. ఇప్పుడు ఆ పళ్ళెంలో సామాను ఆయనకు ముద్దొచ్చింది. సూది పడేలోపు చూసిందంతా చెప్పాడు: లెక్కల టీచరమ్మ, రంపం, మత్తు లేని కోత, గోడకు చేరబడ్డ రోగి. డాక్టరు పన్ను పీకి, దూది పెట్టి, తెల్లకోటు కూడా విప్పకుండా లేచాడు. అయిదేళ్ళు చదివి, కుర్చీ కొనుక్కుని తను ఈగలు తోలుకుంటుంటే, అదే వీధిలో రంపంతో వైద్యమా?

డాక్టరూ, ఆయన వెనక దూది నోట్లో కుక్కుకుని ఇంటాయనా, సంగతి తెలిసి కొంగు బిగించిన ఇంటావిడా మెట్లెక్కేసరికి, బల్బులు పెట్టించి తిరిగొచ్చిన టీచరమ్మ భర్త ముందు గదిలో చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇక్కడ పన్ను సంగతి చూసేదెవరు?" అన్నాడు డాక్టరు గుమ్మంలోంచే.

టీచరమ్మ భర్త ముఖం చాటంత అయింది. కొట్టు తెరవకముందే బేరం! "నేనేనండి. రేపట్నుంచి బజారు వీధిలో ఉంటాను. ఇంటిదాకా వచ్చారు కాబట్టి ఇక్కడే చూస్తాను, కూర్చోండి."

లోపల రంగు పూస్తున్న టీచరమ్మకు ఈ మాటలు వినబడ్డాయి. మొదటి బేరం, మధ్యలో తను వెళ్తే బాగుండదని బయటికి రాలేదు.

"అసలు ఏం చదివారు మీరు?"

"చదువు కన్నా అనుభవం ముఖ్యమండి. ఒక పెద్దాయన దగ్గర పన్నెండేళ్ళు చేశాను. పేరు ఆయనది, పని నాది."

"ఘోరం! మీ ఆవిడ కూడానా?"

"లెక్కల్లో దిట్ట కదండీ, పని ఎక్కువైతే చెయ్యి వేస్తుంది."

ఇంటాయన దూదిలోంచి "ఊ! ఊ!" అని సాక్ష్యం చెప్పాడు.

"వచ్చినవాళ్ళని ఏం చేసి పంపిస్తున్నారు?" డాక్టరు గొంతు పెరిగింది.

"చట్టం ఒప్పుకునేంతవరకు, ఎవర్నైనా సరే పన్ను లేకుండా చేసి పంపిస్తాను" అన్నాడాయన గర్వంగా. "మీ సంగతి చెప్పండి. మీరసలు పన్ను కట్టారా?"

"నేనా? నన్నడుగుతున్నారా? రోజుకు నాలుగు కడతాను!"

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "రోజుకా! ఏడాదికోసారి కడితే చాలు కదండీ! ఎవరు చెప్పారు మీకు రోజూ కట్టమని?"

ఇంటావిడకు సహనం చచ్చిపోయింది. "ఇంకేం మాటలు? వ్యాపారం పెట్టొద్దని దిగిన రోజే చెప్పాను. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యండి!"

ఖాళీ అన్న మాట వినగానే టీచరమ్మ రంగు పూసిన చెక్కను రెండు చేతులతో ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "తప్పుకోండి, తప్పుకోండి, తడిగా ఉంది! బట్టలకంటితే పోదు" అంటూ అందర్నీ చీల్చుకుని బాల్కనీలోకి వెళ్ళి, దాన్ని మొదటి మాట పక్కన వేలాడదీసి, ఎలా కుదిరిందో చూసుకోవడానికి రెండిటినీ ఇటువైపు తిప్పి, అప్పుడు వెనక్కి తిరిగి అడిగింది. "ఖాళీ ఎందుకండీ పిన్నిగారూ? ఏమైంది?"

అందరూ తీగ మీద ఊగుతున్న రెండు మాటల్నీ కలిపి చదువుతున్నారు. పూర్తిగా చదివాక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంటాయన అందరికన్నా ఆలస్యంగా చదివి, దవడ మీది చెయ్యి తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"మరి ఆ మిషనో?" అంది ఇంటావిడ, వచ్చిన కోపాన్ని ఊరికే వెనక్కి తీసుకెళ్ళలేక. "అది వ్యాపారం కాదూ?"

"లేదండి" అన్నాడు టీచరమ్మ భర్త. "మూడేళ్ళుగా చూస్తున్నాను. దాంతో పైసా వచ్చింది లేదు."

ఆ మాట ఎంత అనుభవంతో అన్నాడంటే, ఇంటావిడ వెంటనే నమ్మేసింది. పైగా ఇంటాయన దూది పక్కకు నెట్టి, రెండు రోజుల తర్వాత మొదటిసారి దవడ పట్టుకోకుండా మాట్లాడాడు. "వాళ్ళనేం అనకు. నొప్పి పోయింది. వీళ్ళు లేకపోతే ఈ జన్మకి ఆ కుర్చీ ఎక్కేవాణ్ణి కాను."

డాక్టరు మాత్రం మెట్లు దిగలేదు. నుదురు తుడుచుకుని, టైలరు చెక్క రుద్దే బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు. ఇందాకటి గొంతు ఎటు పోయిందో పోయింది.

"ఇందాక ఏడాదికోసారి అన్నారు చూడండి... దానికి గడువేమైనా ఉంటుందా?"

"పోయిన నెలతో అయిపోయిందండి. మీరు కట్టలేదా?"

"అంతకుముందు ఏడాదిది కూడా..." అన్నాడు డాక్టరు.

టీచరమ్మ భర్త ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "భయపడకండి. మొదట్లో కొంచెం నొప్పిగా ఉంటుంది, తర్వాత హాయిగా ఉంటుంది" అని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆయన కాగితాలు వెతికేలోపు డాక్టరు లోపలి గదిలోకి తొంగిచూశాడు. మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇంత సన్నటి పనికి తనలాంటి చెయ్యే సరైనదనీ, వచ్చే వారం తనూ వస్తాననీ అన్నాడు. కొత్త ఆఫీసుకు ఉన్న ఒకే ఒక్క బేరం ఆయనే కాబట్టి, టీచరమ్మ తప్పకుండా రమ్మంది.

వచ్చాడు కూడా. తెల్లకోటుతోనే వచ్చాడు. మిషను ముందు కూర్చుని, మొదటి అరగంటలో మూడు బ్లేళ్ళు విరిచాడు. టీచరమ్మ దాచుకున్న మేలురకం చెక్కను అడ్డంగా చీల్చాడు. విరిచినప్పుడల్లా చెక్కదే తప్పని వివరించాడు. టీచరమ్మా, టైలరూ, కండక్టరూ వరసగా కూర్చుని చూశారు. ఒకరిని మించి ఒకరికి చెప్పాలని ఉంది. ఎవరూ పెదవి విప్పలేదు.

ఇంతమంది నోరు మూసుకుని తన ముందు కూర్చోవడం, వృత్తిలోకి వచ్చాక డాక్టరుగారికి అదే మొదటిసారి.