నాలుగో గుంట దగ్గర గుడ్రున్ బూటు

ఆ ఆదివారం పొద్దున గుడ్రున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు వెండెలిన్ గోల్ఫ్ ఆడుతుంటే తను వెంట నడవడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి బంగాళదుంప ఉండలు ఉడకెయ్యడం. మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ బుల్లి మైదానంలో అంతకన్నా పెద్ద పథకాలు ఎవరికీ ఉండవు, ఒక్క వెండెలిన్‌కి తప్ప. ఒకే దెబ్బకి బంతిని గుంటలో వేసినవాడి పేరు క్లబ్బు గోడ మీద ఇత్తడి రేకుకి ఎక్కుతుంది. ఆ రేకు కోసం ఆయన ఏళ్ల తరబడి అర్రులు చాస్తున్నాడు. పక్కింటి హెల్మార్‌కి అది ఎప్పుడో వచ్చేసింది.

"ఈ ఏడన్నా పేరు చెక్కిస్తావా, లేక నీ సమాధి మీదే చూసుకోవాలా?" అన్నాడు హెల్మార్, నాలుగో గుంటకి కొట్టబోయే ముందు. వెండెలిన్ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. గుడ్రున్ అది చూసి ముందుకు నడిచింది.

ఆ గుంట మిట్టకి అవతల ఉంటుంది. కొట్టేవాళ్లకి జెండా కొస తప్ప ఏమీ కనబడదు. గుడ్రున్ ముందే మిట్ట దాటి నిలబడింది. ఇద్దరూ కొట్టారు. ఒక బంతి దారిలో ఉన్న ఇసుక గోతిలో కూరుకుపోయింది. రెండోది దొర్లుకుంటూ వచ్చి గుంటకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఇసుకలో పడేది ఎప్పుడూ హెల్మార్ బంతే కాబట్టి ఇది తన మొగుడిదే అనుకుందామె. అటూ ఇటూ చూసి, బూటు కొసతో మెల్లగా నెట్టేసింది.

వెండెలిన్ ఆయాసపడుతూ వచ్చి గుంటలో చెయ్యి పెట్టాడు. పైకి తీసిన బంతి మీద ఆకుపచ్చ చుక్క ఉంది. అది హెల్మార్ గుర్తు.

"నీదేనయ్యా," అన్నాడు బంతిని హెల్మార్‌కి అందిస్తూ. "మళ్లీ నీదే."

హెల్మార్ పెట్టిన కేకకి పక్క పొలంలో ఆవులు తలలెత్తాయి. గుంటలో వేసినవాడు అందరికీ తాగించడం అక్కడి ఆనవాయితీ. కబురు తెలిసి, ఊళ్లో ఏ సంబరానికైనా వాయించే అగ్నిమాపక దళం వాళ్లు బాకాలతో సహా క్లబ్బుకొచ్చారు. చర్చి నుంచి పాస్టరు కూడా వచ్చాడు. హెల్మార్ భార్య లోరె తల వంచుకుని బీరు పోస్తోంది. క్లబ్బు అధ్యక్షుడు గుడ్రున్‌ని కుర్చీ ఎక్కించాడు.

"కళ్లారా చూసింది ఈవిడొక్కతే! చెప్పమ్మా, ఎలా పడింది?"

"అదీ... మెల్లగా..."

చప్పట్లు మోగాయి. గుడ్రున్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కుర్చీ దిగి మూల బల్ల దగ్గరికి వెళ్తే, అక్కడ వెండెలిన్ చేతి తొడుగు విప్పి మడత పెడుతున్నాడు.

"ఇంక చాల్లే గుడ్రున్. ఆ కర్రలు ఎవరికైనా ఇచ్చేద్దాం. నావల్ల కాదు."

ఇక ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఆపండి! ఆ బంతి దానంతటది పళ్లేదు. ఈ బూటుతో నేనే తోశాను, మా ఆయనదనుకుని! నా అంత సిగ్గులేని మనిషి ఈ ఊళ్లో ఇంకొకత్తె ఉండదు!"

బాకాలు ఆగిపోయాయి.

"ఇంకొకత్తె ఉంది," అంది లోరె, పీపా కుళాయి కట్టేసి. "మా ఆయన మొదటి రేకప్పుడు తోసిన బూటు నాది."

హెల్మార్ గోడ మీది తన రేకు వైపు తిరిగాడు. వెండెలిన్ మాత్రం మడిచిన తొడుగు మళ్లీ విప్పి తొడుక్కున్నాడు.

గోడ మీద ఇంకా ఆరుగురి రేకులున్నాయి. ఆ ఆరుగురూ ఇంటికెళ్లాక భార్యల్ని ఏమీ అడగలేదు.