ఒక్క అంగలో ఎక్కే బండి

ఆ ఉదయం ఫ్రేముల మాస్టారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పశువుల డాక్టరమ్మ వచ్చి బండి చూసుకుంటుంది. నచ్చితే తాళాలు ఆవిడ చేతిలో పెట్టడం, తర్వాత వెళ్ళి దుకాణం తెరవడం, అంతే. ఇంటి ముందు నిలబడ్డ ఆ నల్లటి పెద్ద కారు కంటపడినప్పుడల్లా ఆయన గుండె కలుక్కుమనేది. అది ఆయన భార్యది. ఆవిడే ముచ్చటపడి కొనుక్కుంది, ఆవిడే నడిపింది. మొన్న చలికాలంలో నిద్రలోనే వెళ్ళిపోయేదాకా, రోజూ ఆయన్ని దుకాణం దగ్గర దింపి తను పనిచేసే బడికి వెళ్ళేది. ఆయనకి బండి స్టార్టు చెయ్యడం వరకే వచ్చు. నడపడం రాదు.

పటాలకి ఫ్రేములు కట్టడం మాస్టారి వృత్తి. ఎవరింట్లోనైనా గోడ మీద పటం వెంట్రుకవాసి పక్కకి ఒరిగిందంటే ఆయనకి ముద్ద దిగదు. అలాంటి మనిషికి, బండి తుడుస్తుండగా ఎడమవైపు ముందు భాగం కాస్త కుంగినట్టు కనిపించింది. లోపలికి వెళ్ళి రసమట్టం తెచ్చి తలుపు గడప మీద పెట్టాడు. బుడగ నడిమికి రానంది. కొనడానికి వచ్చే మనిషికి వంకర బండి ఎలా చూపించడం?

ఆ బండికి స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయనీ, వాటిని ఎక్కించడం దించడం లోపలున్న కంప్యూటరే చూసుకుంటుందనీ భార్య ఎప్పుడో చెప్పింది. మాస్టారు సీట్లో కూర్చుని స్టార్టు చేశాడు. పైకి చూస్తున్న బాణం గుర్తుతో ఒక మీట ఉంది. నొక్కితే కుంగిన మూల లేస్తుందనుకుని నొక్కాడు. ఎక్కడో అడుగున గుర్రుమని మోత మొదలై బండి వెనకభాగం మొత్తం లేచింది. కుడిపక్క ముందుభాగం కూడా లేచింది. లేవాల్సిన మూల ఇంకా లేవకముందే ఆయన కంగారుపడి తలుపు తెరిచాడు. మోత ఆగిపోయింది. బండి ఎక్కడికక్కడ బిగుసుకుపోయింది.

దిగడం జారుడుబల్ల మీంచి దిగినట్టు దిగాడు గానీ, కిందికి దించే మీట నొక్కుదామని మళ్ళీ ఎక్కబోతే మోకాలు గడపకి కొట్టుకుంది. స్టీరింగు పట్టుకుని వేలాడాడు. చెప్పు జారి బండి కిందికి పోయింది. నిరుడు ఇదే బండిని ఒక్క అంగలో ఎక్కేవాడు. ఈ వయసులో అంతెత్తు బండిని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతానని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు కూడా. ఆయన వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు. పోతూ పోతూ తన కాళ్ళలో సత్తువ కూడా ఆవిడ పట్టుకుపోయిందనుకున్నాడు. బండి తుడిచిన గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

పక్కింటాయన రిటైరైన బస్సు డ్రైవరు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆయన వచ్చి చూసి, ఇది తన చేతిలో పని అన్నాడు. తలుపు మూసి, కుంగిన మూల కింద జాకీ పెట్టి లేపాడు. ఆ మూల మరీ ఎత్తైపోయిందని కంప్యూటరుకి తోచిందేమో, ఉస్సుమని అక్కడి సంచిలో ఉన్న కాస్త గాలీ వదిలేసింది. జాకీ దించేసరికి ముందుకంటే ఇంకా కిందికి దిగి టైరు మీద చతికిలబడింది.

బస్సాయన ఓటమి ఒప్పుకునే రకం కాదు. ముందు కుంగితే వెనక బరువు వెయ్యాలని సిద్ధాంతం చెప్పాడు. ఇద్దరూ కలిసి మాస్టారి షెడ్డులోంచి గాజు పలకల పెట్టెలు మోసుకొచ్చి వెనక సర్దారు. కంప్యూటరు ఆ బరువుని కనిపెట్టి వెనకభాగాన్ని ఇంకా పైకి లేపింది. ఈసారి ఫ్రేముల చెక్కలు కూడా ఎక్కించారు. అవి పొడుగై, వెనక తలుపు మూతపడక తెరిచే వదిలేశారు. దాంతో కంప్యూటరు పూర్తిగా పని మానేసింది. అదీ చాలదని బస్సాయన స్వయంగా వెనక సీట్లోకి పాకి, ఒళ్ళో గాజు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు.

బేరానికి వచ్చే మనిషిని కాసేపు ఆపమని మాస్టారు ఫోను ఆయనకే ఇచ్చాడు. అవతల పశువుల కొట్టంలో అరుపుల మధ్య డాక్టరమ్మకి ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు.

"పొద్దున్నుంచి లేవట్లేదు డాక్టరుగారూ. ఎడమపక్క ముందు భాగం కూలబడిపోయింది. వెనకేమో లేచి నిలబడింది. కడుపులో గుర్రు గుర్రుమంటోంది."

"లేపే ప్రయత్నం చేశారా?"

"చేశాం. లేపినకొద్దీ కుంగుతోంది."

"ఇంక ఎవరూ ముట్టుకోకండి. ఇల్లెక్కడో చెప్పండి, వస్తున్నాను."

ఎంత మంచి మనిషో అనుకుంటూ బస్సాయన గుర్తులన్నీ చెప్పాడు.

ఆవిడకంటే ముందు మాస్టారి కూతురు వచ్చింది. అమ్మ బండి అమ్మడం ఆ పిల్లకి మొదటినుంచీ ఇష్టం లేదు. వంకరగా నిలబడ్డ బండినీ, అందులో చెక్కల్నీ, గాజుపెట్టెతో సహా మామయ్యనీ చూసి ఆమె మొహం పాలిపోయింది.

"అమ్మడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా నాన్నా. దాన్ని ఇలా పాడు చెయ్యడమెందుకు?"

"పాడు చెయ్యడం కాదమ్మా, సరిచేస్తున్నాను" అన్నాడాయన. ఆ మాటకి ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆమెని చూసి ఆయనకీ వచ్చింది. బండిలో ఉన్న బస్సాయన దిగి ఓదార్చాలనుకున్నాడు గానీ గాజుపెట్టె కదలనివ్వలేదు.

అప్పుడొచ్చింది డాక్టరమ్మ, మందుల సంచీ, మోకులూ పట్టుకుని, దొడ్డి ఎటువైపని అడుగుతూ. దొడ్డి లేదని తేలాక, పడిపోయింది ఆవు కాదనీ, తను కొందామనుకున్న బండేననీ అర్థమయ్యాక, మోకులు మెట్ల మీద పడేసింది. ఆవిడ పాత బండి కూడా ఇలా గాలి సంచులదే. అందర్నీ దిగమంది. సామానంతా తీయించింది. తలుపులన్నీ మూయించి, ఇంజను ఆపకుండా అందర్నీ దూరంగా నిలబెట్టింది. తలుపు తీసి ఉంటే అది సర్దుకోదని చెప్పింది. మోత మళ్ళీ మొదలైంది. ముందు భాగం మెల్లగా లేచింది, వెనక దిగింది. మాస్టారి కంటికి ఇక రసమట్టం అక్కర్లేకపోయింది.

డాక్టరమ్మ ఎక్కి వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చింది. ఇంటి ముందు ఆపగానే బండి ఉస్సుమని నిట్టూర్చి కిందికి దిగింది.

"మళ్ళీ కుంగింది" అన్నాడు మాస్టారు నీరసంగా.

"కుంగలేదండీ. ఆపగానే దిగేలా పెట్టి ఉంచారు, ఎక్కేవాళ్ళకి సులువుగా ఉండాలని. మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్ళ నొప్పులా?"

ఎవరికీ లేవన్నాడాయన. తన భార్య గుర్రం ఎక్కినట్టు ఎక్కేదన్నాడు. కూతురు నేల చూపులు చూస్తోంది.

"అమ్మే పెట్టింది నాన్నా. నీకు చెప్పొద్దంది. మనిషి చెయ్యి అందిస్తే మీ నాన్న విదిలించుకుంటాడు, బండి అందిస్తే ఆయనకి తెలియదులే అంది."

మాస్టారు ఎడమవైపుకి వెళ్ళి తలుపు తీశాడు. కాలు పెట్టాడు. ఒక్క అంగలో ఎక్కాడు. రోజూ కూర్చున్న సీట్లోనే కూర్చుని, ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి డాక్టరమ్మ దగ్గరికొచ్చి, తనకేం తొందర లేదనీ, ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోమనీ అంది. కూతురు కూడా ఆ మాటే అనబోయింది.

"వద్దమ్మా, తీసుకెళ్ళండి. నాకు నడపడం రాదు. ఇక్కడే నిలబెడితే దీనికి రోజూ ఇంత గాలి దిగిపోతుంది. తిరగనివ్వండి." ఆయన దిగుతూ ఒక్కటే అడిగాడు. ఆ దిగే ఏర్పాటు మాత్రం మార్చొద్దన్నాడు. ఆవిడ మార్చనంది. తాళాలు చేతులు మారుతున్నప్పుడు కూతురు తండ్రి భుజం పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు.

మర్నాటినుంచి మాస్టారు దుకాణానికి బస్సులో వెళుతున్నాడు. మెట్టు దగ్గర తడబడితే వెనకనుంచి ఎవరో ఒకరు మోచేతి కింద చెయ్యి వేస్తారు, ఆయన వెయ్యనిస్తాడు. బస్సులు ఎవరి కోసమూ కుంగవు. ఆ సంగతి జీవితమంతా వాటిని నడిపిన బావే చెప్పాడు.