థార్ ఎడారిలో పనికొచ్చిన అమీర్‌పేట చదువు

రోడ్ల మీద వాన నీళ్లు నిలవడం నగరానికి దేవుడిచ్చిన వరం. నమ్మడం లేదా? అయితే మీరు వానాకాలం సాయంత్రం పంజగుట్ట చౌరస్తాలో ఎప్పుడూ ఇరుక్కుని ఉండరు.

అమీర్‌పేటలో ఏ కోర్సు నేర్చుకోవాలన్నా ఫీజు కట్టాలి, బ్యాచ్ కోసం ఆగాలి, కుర్చీ దొరక్కపోతే గోడకానుకుని నిలబడి నోట్స్ రాసుకోవాలి. ఒక్క వాన కోర్సు మాత్రమే ఉచితం. డెమో క్లాసు లేదు, థియరీ లేదు, నేరుగా ప్రాక్టికల్సే! అరగంట వాన పడితే చాలు, హాస్టల్ పిల్లలు మొదలుకొని ఆఫీసు మేనేజర్ల దాకా అందరూ ప్యాంట్లు మడిచి ఒకే బ్యాచ్‌లో చేరిపోతారు. ఇంతటి సమానత్వం ఇంకెక్కడైనా చూశారా?

కోర్సు పూర్తి చేసినవాళ్ల తెలివి చూడండి. నీళ్ల రంగును బట్టి అవి పైనుంచి వచ్చాయో, డ్రైనేజీలోంచి వచ్చాయో చెప్పేస్తారు. ముందు పోతున్న ఆటో ఎంత మునిగిందో చూసి తమ స్కూటీ బతుకుతుందో లేదో తేల్చేస్తారు. శ్రీనగర్ కాలనీలో ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నడుస్తూనే ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చాడట. ఆ చప్పుడు విని అవతలివాళ్లు "బీచ్‌లో ఉన్నారా?" అని ముచ్చటపడ్డారట. ఉద్యోగం వచ్చింది! పొడి రోడ్ల మీద నడిచేవాళ్లకు ఆ ధీమా ఎక్కడినుంచి వస్తుంది?

అయినా ఈ వరం విలువ తెలియని వాళ్లు కొందరుంటారు. యేసుమణి టీచర్ అలాంటి మనిషి.

ఆమె అమీర్‌పేటలో ఒక బడిలో సోషల్ చెబుతుంది. వానాకాలంలో పాదం కింద నేల కనిపించని చోట అడుగు వేయదు. చినుకు పడిందంటే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, నీళ్లు తగ్గేదాకా పరీక్ష పేపర్లు దిద్దుతుంది. దిద్దడానికి లేకపోతే దిద్దినవే మళ్లీ దిద్దుతుంది.

కారణం ఉంది. పోయిన ఏడాది వానల్లో ఆమె తమ్ముడు విన్సెంట్ మెట్రో దిగి ఇంటికి నడిచి వస్తూ, నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందని తెలియక, అందులో పడి చనిపోయాడు. అక్కడికి ఇల్లు రెండు సందుల అవతలే. ఆ సంగతి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

తోటి టీచర్ సంగీత, ఆమె భర్త మహిపాల్ ఇది చూడలేక ఒక ఉపాయం ఆలోచించారు. రోడ్డు మీద నీటి చుక్క కనిపించని చోటికి యేసుమణి అక్కను తీసుకుపోవాలి. దేశంలో అలాంటి చోటు ఏది? ఎడారి! దసరా సెలవుల్లో జోధ్‌పూర్ దాకా రైలు, అక్కడినుంచి కారులో జైసల్మేర్.

"నువ్వేం ఫికర్ చెయ్యకు అక్కా. ఆడ వాన పడితే న్యూస్‌పేపర్ల ఫొటో వేస్తరంట," అన్నాడు మహిపాల్.

"నువ్వు జర ఊకో. ఊటీల చలే ఉండదని నాతోని స్వెట్టర్లన్నీ బ్యాగులకెల్లి తీపిచ్చినవ్," అంది సంగీత.

"గది వేరు, గిది వేరు. గిది ఎడారి!"

యేసుమణి దిద్దిన పేపర్లే మళ్లీ తిరగేసింది. చివరికి, "మళ్లీ మామూలుగా నడవగలనో లేదో చూసుకుంటాను. పదండి," అంది.

జైసల్మేర్‌లో మొదటి రోజు ఆమె ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని, కిందికి చూడకుండా నడిచింది. సంగీత అది గమనించి, గమనించనట్టుగా ఒంటెకు ఫొటో తీసింది.

మర్నాడు కారులో పోతుంటే మబ్బు పట్టింది. ఎక్కడో సముద్రంలో పుట్టిన వాయుగుండం, చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదన్నట్టు ఎడారి చూడ్డానికి వచ్చింది. ముందు గాలి, వెనక వడగళ్లు, ఆ వెనక కుండపోత! ఊళ్లలో జనం ఇళ్లలోంచి బయటికొచ్చి తడుస్తున్నారు. ఒక మిఠాయి కొట్టాయన దారిన పోయేవాళ్లను పిలిచి మరీ లడ్డూలు పెడుతున్నాడు. కారులో మాత్రం ముగ్గురు హైదరాబాదీలు అద్దాలు బిగించుకుని కూర్చున్నారు.

"పేపర్ల ఫొటో వేస్తరన్నవ్ గదా," అంది సంగీత. "మనదే వేస్తరేమో."

మహిపాల్ తన అద్దం ఇంకాస్త బిగించాడు. యేసుమణి కళ్లు మూసుకుంది.

కొంత దూరం పోయాక రోడ్డు పల్లంలోకి దిగి నీళ్లలో కలిసిపోయింది. ఇటూ అటూ బండ్లు ఆగిపోయాయి. డ్రైవర్ భన్వర్ స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ జోడించాడు. అతనిది ఆ ప్రాంతమే. ఇసుకలో బండి దిగబడితే ఎలా లాగాలో తెలుసుగానీ, నీళ్లలో నడపడం అతని వంశంలో ఎవరూ ఎరగరట. ఇక్కడినుంచి వాళ్లు మాట్లాడుకున్నది హిందీలో. మహిపాల్ హిందీ ఎలాగూ మన తెలుగులాగే ఉంటుంది కాబట్టి తెలుగులోనే చదువుకోండి.

"నీకు తెల్వకుంటే నాకు తెలుసు భాయ్. మేం అమీర్‌పేటోళ్లం," అన్నాడు మహిపాల్. అతని ముఖంలోకి వెలుగొచ్చింది. "ఫస్ట్ గేర్ల పెట్టు. కాలు ఎక్సలేటర్ మీదకెల్లి తియ్యకు. నడుమల ఆగినవనుకో, సైలెన్సర్లకు నీళ్లు పోతయ్. ఇగ నువ్వు, నీ బండి అక్కడనే కాపురం."

చూశారా పాఠకులారా, చదువు ఎప్పుడు ఎక్కడ అక్కరకొస్తుందో! గుజరాతీ టూరిస్టులు, ఢిల్లీ కుర్రాళ్లు, ఇద్దరు విదేశీయులు ఒడ్డున నిలబడి చూస్తుండగా, అమీర్‌పేట విద్యార్థి సూచనల మేరకు ఒక కారు థార్ ఎడారిలో ఈదుకుంటూ బయల్దేరింది. వెనక ఇంకో కారు ధైర్యం చేసింది. మహిపాల్ అద్దం దించి వాళ్లకు కూడా సలహాలు మొదలుపెట్టాడు.

సగం దూరంలో, నీళ్లలోంచి ఒక కొమ్మ పైకి లేచి ఉంది. దాని చివర ఎర్రగుడ్డ ముక్క.

"ఆపు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. సంగీత చేయి చాపి డ్రైవర్ భుజం పట్టుకుంది. యేసుమణి సీటు అంచును రెండు చేతులతో పట్టుకుంది.

భన్వర్ బెదిరిపోయి బ్రేకు తొక్కాడు. "ఏమైంది సాబ్?"

"మూత లేదు భాయ్ ఆడ!"

"దేని మూత?"

"మ్యాన్‌హోల్‌ది!"

భన్వర్ ఆ కొమ్మ వైపు చూశాడు. మహిపాల్ వైపు చూశాడు. "సాబ్, అది ముళ్లచెట్టు. మేకలు తింటాయి. గాలికి ఎవరిదో చున్నీ చిరిగి తగులుకుంది. ఈ చుట్టుపక్కల మ్యాన్‌హోల్ కావాలంటే మీరు జోధ్‌పూర్ వెనక్కి పోవాలి."

మహిపాల్ కొంచెం సిగ్గుపడి, మా ఊళ్లో పద్ధతి ఇదీ అని వివరించాడు. ఎక్కడ మూత లేకపోతే అక్కడ ఒక కొమ్మ విరిచి గుచ్చి, దానికి ఎర్రగుడ్డ కడతారు. కొమ్మ దొరక్కపోతే విరిగిన కుర్చీ పెడతారు. నీళ్లు నిండినా గుంత ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

"సర్కారు వాళ్లే పెడతారా?"

"సర్కారోళ్లెందుకు పెడతరు భాయ్? చాయ్ బండోళ్లు, దుకాణపోళ్లు, ఎవరో ఒకరు."

"ఎంత మంచి ఊరు సాబ్!" అన్నాడు భన్వర్ మనసారా. "అయితే ఎవరూ పడరన్నమాట."

మహిపాల్ కిటికీ వైపు తిరిగాడు. సంగీత తల వంచుకుంది.

"మా ఇంటి దగ్గర కూడా పెట్టారు," అంది యేసుమణి మెల్లగా. "వేపకొమ్మ. పచ్చగా ఉంది. మా తమ్ముడు పడిన మర్నాడు పెట్టారు."

వెనక కారు హారన్ కొట్టి ఊరుకుంది.

భన్వర్ ఇంజిన్ ఆపకుండానే తలుపు తీసి నీళ్లలోకి దిగాడు. మోకాళ్ల దాకా వచ్చాయి. ఆ ముళ్లచెట్టు దగ్గరికి పోయి, దాని చుట్టూ తిరిగి, రెండు కాళ్లతో గట్టిగా తొక్కి చూపించాడు. "నేలే మేడమ్‌జీ! నేలే!" అని అరిచాడు. నీళ్లు చింది అతని ముఖమంతా తడిసింది. మళ్లీ తొక్కాడు. తర్వాత నడుచుకుంటూ వెనక్కి వచ్చి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

నీళ్లలోకి దిగిన మనిషి తిరిగి రావడం యేసుమణి కళ్లారా చూసింది. "పోనివ్వు బాబూ," అంది.

కాబట్టి పాఠకులారా, మళ్లీ చెబుతున్నాను, మన రోడ్ల మీది నీళ్లు వరమే. వాటి గురించి అధికారులను విసిగించకండి. మూతలు కావాలని అర్జీలు పెట్టకండి. వాళ్లకు సవాలక్ష పనులుంటాయి. నా మనవి కొమ్మలు విరిచి తెచ్చే దయగల వాళ్లకే. అయ్యా, అమ్మా, మీరు ఎలాగూ పెడుతున్నారు. ఈసారి ఒక్క రోజు ముందు పెట్టండి.