రెక్క విప్పని చిమ్మట

“ప్రపంచంలో మెదళ్లు రెండు రకాలు, బామ్మర్దీ. నాది ఒక రకం. మిగతావన్నీ రెండో రకం” అన్నాడు బావ, మ్యూజియంలో మా పురుగుల గది గడప దాటుతూనే. అక్క మొగుడు కాబట్టి తలూపాను.

పిలిచింది నేనే, బుద్ధి గడ్డి తిని. పంజరంలోని చిమ్మట పొద్దున్నించి కనబడటం లేదు. వానలు తెగని అడవి నుంచి వచ్చిన ప్రాణం. ముడిచిన ముందు రెక్కలు అచ్చం ఎండుటాకే. అలాంటి చిమ్మటలు బోలెడు. ఏ జాతిదో తేలాలంటే కింద దాగిన వెనక రెక్కలు చూడాలి. ఇదేమో వారం రోజులుగా మొండికేసి కూర్చుంది. గుడ్లు పెట్టాల్సినదాన్ని చంపి విప్పడానికి పెద్ద మేడమ్ ఒప్పుకోరు. పంజరం గడియ పెట్టడం మరిచిన ఘనుణ్ణి నేను. మధ్యాహ్నం ఆవిడ వచ్చేలోగా దొరక్కపోతే నా ఉద్యోగం ఊడినట్టే.

“ఇది కిడ్నాప్” అన్నాడు బావ.

“పురుగునెవరు ఎత్తుకెళ్తారు బావా?”

“అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఈ గదిలోకి ఎవరెవరొస్తారు?”

“నేను, మేడమ్, ఊడ్చే ఆవిడ.”

“ముగ్గురూ దోషులే. ఎవరెంతన్నదే తేలాలి.”

భూతద్దం పట్టుకుని బల్ల కింద దూరాడు. బూజుతో బయటికొచ్చి, చీపురుతో వచ్చిన ఆవిడను నిలదీశాడు.

“చిమ్మటతో మీ పరిచయం ఎన్నాళ్లది?”

“దాంతో నాకేం పని బాబూ? మీ వీపుకి ఆకంటుకుంది, దులపనా?”

“మాట మార్చకండి. ఆధారాలు ముట్టుకోకూడదు.”

అంతలో మేడమ్ వచ్చారు. “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అంటూ బావ ఠీవిగా వెనక్కి అడుగేసి బీరువాకు గుద్దుకున్నాడు. వీపు మీది ఎండుటాకు ఉలిక్కిపడి రెండుగా విచ్చుకుంది. కింద నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్లటి నెలవంకలు.

“కదలకండి” అన్నారు మేడమ్.

బావ రెండు చేతులూ పైకెత్తేశాడు.

“మనం ఊహించిన జాతి కాదు. పండు తొక్కకు తొండంతో బెజ్జం పెట్టి రసం పీల్చే రకమిది” అని ఆవిడ మురిసిపోయారు. చిమ్మటను డబ్బాలోకి దించాక అడిగారు, “ఇంతకీ గడియ తీసి ఉంచిందెవరు?”

గదిలో ఏ గొప్పా ఇంకొకరికి దక్కడం బావ ఓర్వలేడు.

“నేనే. స్వేచ్ఛ ఇస్తేగానీ రెక్క విప్పదని ముందే పసిగట్టాను.”

మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసి, నా వైపు తిరిగారు. “రేపట్నించి గడియ సంగతి నువ్వే చూసుకో.”

రేపు కూడా నేనుంటానన్నమాట. ఆ సంతోషంలో బావ సొంత డబ్బా ఇల్లు చేరేదాకా ఊఁ కొడుతూ విన్నాను.