లాప్‌టాప్ ప్రక్షాళన మహోత్సవం

స్వచ్ఛమైన పాలన స్వచ్ఛమైన లాప్‌టాప్‌తోనే మొదలవుతుందని, కాబట్టి తన కొత్త లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి గురువారం ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకు సరికొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రతిష్ఠించబోతున్నామని సినీ కార్మిక నేత్ర సంరక్షణ మండలి ఛైర్మన్, ‘కళాబంధు’ రాఘవేంద్రగారు సోమవారం నాడు ఫిల్మ్‌నగర్‌లోని తమ కార్యాలయంలో ప్రకటించారు. దేశంలో ఇంతవరకు ఏ ఛైర్మనూ ఇంతటి సాహసానికి పూనుకోలేదని కూడా ఆయనే చెప్పారు. విలేకరులు ఇడ్లీ ప్లేట్లు పక్కన పెట్టి మరీ రాసుకున్నారు.

ఆ సాహసాన్ని చేతులతో చేయాల్సిన తిరుమలేశ్ మాత్రం గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన నిలబడి ఉన్నాడు. కృష్ణానగర్ గల్లీలో అతనికి లాప్‌టాప్ రిపేరు దుకాణం ఉంది. సినిమా ఛాన్సుల కోసం వచ్చినవాళ్ల ముసలి లాప్‌టాప్‌లన్నీ అతని దయతోనే బతుకుతుంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం అతనికి టీ తాగినంత పని. ఛైర్మన్‌గారి పీఏ వరప్రసాద్ ఫోన్ చేసినప్పుడు, “గంటల ఐపోతది సార్, పైసలు గూడ వద్దు” అనేశాడు.

పైసలు వద్దనడానికి కారణం ఉంది. అతని తల్లి కొమురమ్మ ముప్పై ఏళ్లు జూనియర్ ఆర్టిస్టుగా చేసిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుతురు తెలుస్తుంది, మనుషులు తెలియరు. మండలి పథకం కింద ఆపరేషన్ ఉచితం. ఆమె అర్జీ నంబరు మూడు వందల పద్దెనిమిది. ఛైర్మన్‌గారు దాని మీద ‘అప్రూవ్’ అని ఒక్కసారి నొక్కితే, శుక్రవారం ఆసుపత్రిలో చేర్చుకుంటారు. శుక్రవారం దాటితే పథకం గడువు అయిపోతుంది. ఛైర్మన్‌గారు పదవిలోకి వచ్చి నాలుగు నెలలైంది గాని ఒక్క అర్జీ మీద కూడా నొక్కలేదు. నొక్కాలంటే లాప్‌టాప్ తెరవాలి. తెరిస్తే పాత ఛైర్మన్ కనిపిస్తున్నాడు.

లాప్‌టాప్ కొత్తదే. కాకపోతే దాన్ని ఆర్డర్ చేసింది పాత ఛైర్మన్. ఆన్ చేయగానే ఆయన రెండు చేతులూ జోడించి తెర నిండా ప్రత్యక్షమై, “నమస్కారం, మీ చూపే నా ఊపిరి” అంటాడు. ముప్పై సెకన్లు అంటాడు. అప్పటిదాకా ఏ బటన్ నొక్కినా పోడు.

“గంత పని వద్దు సార్,” అన్నాడు తిరుమలేశ్, విలేకరులు వెళ్లిపోయాక. “ఆ ఫొటో తీసుడు రెండు నిమిషాల ముచ్చట. జర ఇటియ్యుండ్రి.”

ఛైర్మన్‌గారు జాలిగా నవ్వారు. “పైన ఫొటో తీసేస్తే లోపల ఉండడని గ్యారంటీ ఏంటయ్యా? మూడు పార్టీలు మారినవాడు. ఏ మూలనో దాక్కుని, టైమొచ్చినప్పుడు బయటికొస్తాడు.”

ఛైర్మన్‌గారు స్వయంగా అయిదు పార్టీలు చూసినవారు కనుక ఆ మాటను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తిరుమలేశ్ లాప్‌టాప్ తెరిచి, పాత ఛైర్మన్ నమస్కారం పూర్తయ్యేదాకా ఆగి, లోపల వెతికాడు. డి డ్రైవ్‌లో ‘అర్జీలు’ అని ఒక ఫోల్డర్ కనబడింది.

“సార్, అర్జీలన్నీ గీండ్లనే ఉన్నయి. పదకొండు వందల నలభై ఆరు. మొత్తం తుడిస్తే ఇవి గూడ పోతయి.”

“కాగితాలున్నాయి కదా?” అన్నారు ఛైర్మన్‌గారు పీఏ వైపు చూసి.

“లేవండి. పోయిన నెల కాగితరహిత పాలన వారోత్సవాల్లో వాటిని తమరి చేతుల మీదుగానే చింపించారండి. పేపర్లో ఫొటో కూడా పడిందండి.”

“బాగా పడింది,” అని ఛైర్మన్‌గారు గుర్తు చేసుకున్నారు.

తిరుమలేశ్ జేబులోంచి తన పెన్‌డ్రైవ్ తీశాడు. వరప్రసాద్ పాము కనబడ్డట్టు ఎగిరి అతని చెయ్యి వెనక్కి గుంజాడు. “ప్రభుత్వ సమాచారం ప్రైవేటు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కితే కేసవుతుందయ్యా! మీ అమ్మకి చూపు వచ్చేసరికి నువ్వు లోపల ఉంటావ్. ఆమె నిన్ను చూడ్డానికి జైలుకి రావాలి.”

“పోనీ తుడవక ముందే నొక్కుండ్రి సార్. ఇప్పుడే. మా అమ్మదొక్కటి.”

“ఒక్కటేనా? బంధుప్రీతి అంటారయ్యా,” అన్నారు ఛైర్మన్‌గారు నొచ్చుకుని. అప్పుడే వారి కుమారుడు, వర్ధమాన కథానాయకుడు, మండలి ఉపాధ్యక్షుడు పృథ్వీరాజ్ లోపలికి వచ్చి ఏసీ పెంచుకుని కూర్చున్నాడు. “పైగా మొదటి క్లిక్ ఆ పాతాయన మొహం చూస్తూ చేయమంటావా? కొత్త సిస్టమ్‌లో మొట్టమొదటి క్లిక్ మీ అమ్మదే. మాటిస్తున్నాను.”

“కొత్తదాంట్ల అర్జీలే ఉండవు గద సార్.”

“అది సాంకేతిక సమస్య. అందుకే కదా నిన్ను పిలిపించాం.”

అర్జీలను దాచడానికి ప్రభుత్వ పెన్‌డ్రైవ్ కావాలని వరప్రసాద్ మంగళవారం మూడు లేఖలు రాశాడు. బుధవారం మధ్యాహ్నానికి పెన్‌డ్రైవ్ వచ్చింది. ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం తిరుమలేశ్ ఎప్పుడూ చూడలేదు. ముప్పై రెండు జీబీ. అతనికి ప్రాణం లేచి వచ్చింది. అయితే అది చేతికి వచ్చేసరికే దానిలో ఏమేం ఎక్కించాలో ఒక జాబితా తయారై ఉంది. ఛైర్మన్‌గారి జన్మదిన వేడుకలు, మూడు డ్రోన్లతో తీసినవి, ఇరవై ఎనిమిది జీబీ. పృథ్వీరాజ్ బాబు టైటిల్ టీజర్ అయిదు భాషల్లో, మూడు జీబీ.

“అర్జీలన్నీ కలిపినా రెండు జీబీ లేవు సార్. పుట్టినరోజుల ఒక్క డ్రోను షాటు తీసేస్తే సుకంగ పడ్తయి.”

“ఏ షాటు?” అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన ప్రజాస్వామ్యవాది. ఎవరి మాటనూ కొట్టిపారేయరు.

ఏ షాటు తీసేయవచ్చో తేల్చడానికి అందరూ కూర్చుని వీడియో మొత్తం చూశారు. గజమాల క్రేన్‌తో వేసిన షాటు తీయడానికి లేదు, క్రేన్ ఎమ్మెల్యే బావమరిదిది. కేక్ షాటులో నియోజకవర్గం మొత్తం ఉంది. ఛైర్మన్‌గారు ఒంటరిగా ఆకాశం వైపు చూసే షాటు ఒకటుంది, దాని దగ్గర వరప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రం అయిదింటికి తేలింది ఏమిటంటే, తీసేయదగింది ఏదీ లేదు, పైగా వెనక నుంచి ఒక యాంగిల్ తక్కువైంది. అది కూడా తెప్పించి ఎక్కించారు. పెన్‌డ్రైవ్ నిండిపోయింది.

ఆ పూట తిరుమలేశ్‌కు కడుపు మండిపోయింది. వదిలేసి పోదామనుకున్నాడు. తను పోతే మధురానగర్ నుంచి ఇంకొకడు వస్తాడు, వాడు వెనకా ముందూ చూడకుండా మొత్తం తుడిచేస్తాడు. కాబట్టి ఉండిపోయాడు. లాప్‌టాప్‌లో సి, డి అని రెండు భాగాలున్నాయి. పాత ఛైర్మన్ ఉన్నది సి లో, అర్జీలున్నది డి లో. సి ఒక్కటే తుడిచి, డి జోలికి పోకుండా ఉంటే చాలు, ఎవరికీ తెలియదు. ఈ ఉపాయం తట్టాక అతనికి కొంచెం అన్నం సయించింది.

గురువారం ముహూర్తం. ఫిల్మ్‌నగర్‌లో ఏది మొదలుపెట్టినా దానికొక పద్ధతి ఉంది. లాప్‌టాప్‌ను పీట మీద పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, కింద నిమ్మకాయ పెట్టారు. కీబోర్డు మీద అక్షింతలు వేయబోతే తిరుమలేశ్ అడ్డుపడి, మౌస్ మీద వేయించాడు. క్లాప్ పృథ్వీరాజ్ బాబు కొట్టాడు. స్విచాన్ స్థానిక ఎమ్మెల్యేగారు చేశారు. పాత ఛైర్మన్ చివరిసారి తెర మీదికి వచ్చి నమస్కారం పెట్టగానే సభికులు అలవాటు కొద్దీ ప్రతినమస్కారం చేసి, తర్వాత సర్దుకున్నారు. ఇక తొలి క్లిక్‌కు గౌరవ దర్శకత్వం వహించాల్సింది ముఖ్య అతిథిగా వచ్చిన మంత్రిగారు.

తిరుమలేశ్ కొత్త సిస్టమ్ వేసే తెర రప్పించి, సి డ్రైవ్ ఎంచుకుని, ‘డిలీట్’ దగ్గర బాణం గుర్తు పెట్టి పక్కకు జరిగాడు. మంత్రిగారు నొక్కారు. పాత ఛైర్మన్ యుగం ముగిసింది. డప్పులు మోగాయి.

“సార్, మొహం పడలేదు సార్! వన్ మోర్!” అని అరిచారు ఫొటోగ్రాఫర్లు.

“వన్ మోర్!” అన్నారు ఛైర్మన్‌గారు. ఆ ప్రాంతంలో ఆ మాట అన్నాక ఎవరూ కాదనరు.

తెర మీద తుడవడానికి మిగిలింది డి ఒక్కటే. “వద్దు సార్, ఐపోయింది, ఐపోయింది!” అంటూ తిరుమలేశ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి ఫ్రేములోకి వస్తోందని వరప్రసాద్ దాన్ని పట్టి పక్కకు లాగేశాడు. మంత్రిగారు కెమెరాల వైపు చూసి నవ్వుతూ, నిజంగా తుడుస్తావా అని లాప్‌టాప్ అడిగితే దానికీ నవ్వుతూనే ‘అవును’ అని నొక్కారు. ఫొటో అద్భుతంగా వచ్చింది.

కొత్త సిస్టమ్ ఎక్కింది. ఛైర్మన్‌గారి లాప్‌టాప్ ఆ ఉదయం సరిగ్గా పదకొండు నిమిషాలు స్వచ్ఛంగా ఉంది. ఆ తర్వాత పార్టీ పాట, వాస్తు యాప్, ఎమ్మెల్యేగారి యాప్, ఛైర్మన్‌గారు చేతులు జోడించి నలభై సెకన్లు మాట్లాడే స్వాగత వీడియో ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. “తుడిచినవి రికవర్ చేయొస్తది సార్, దాని మీద ఏం ఎక్కియ్యకుండ్రి, ఒక్కరోజు ఇయ్యుండ్రి!” అని తిరుమలేశ్ మొత్తుకుంటుండగానే పుట్టినరోజు వీడియో కూడా తీసుకెళ్లి డి లో పోశారు. ఖాళీగా ఉంది కదా అని నాలుగు కాపీలు పోశారు.

తర్వాత ఛైర్మన్‌గారు మాట ప్రకారం మండలి పేజీ తెరిచారు. వచ్చిన అర్జీలు 1146 అని పెన్‌డ్రైవ్ కోసం వరప్రసాద్ రాసిన లేఖలో ఉంది. పెండింగ్: 0 అని తెర మీద ఉంది. ఆయన తెరకు దగ్గరగా వంగి ఆ సున్నాను మళ్లీ చదివారు.

“వరప్రసాద్... ఒక్కటి కూడా లేదు?”

“లేదండి. నాలుగు నెలల పని ఒక్క క్లిక్కుతో అయిపోయిందండి.”

“రెండు క్లిక్కులు,” అని మంత్రిగారు వినయంగా సవరించారు. తిరుమలేశ్‌కు శాలువా కప్పారు. అతను ఏడుస్తుంటే ఆనందబాష్పాలని ఫొటో తీశారు.

శుక్రవారం తల్లిని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లాడు తిరుమలేశ్. చేతిలో అర్జీ రసీదు ఉంది కదా, బతిమాలుకుందామని. కౌంటర్లో తబిత అనే అమ్మాయి రసీదు చూసి, కంప్యూటర్ చూసి, కొమురమ్మ కళ్లు చూసి, మళ్లీ కంప్యూటర్ చూసింది.

“అమ్మగారి ఆపరేషన్ అయిపోయిందండీ.”

“ఏంది మేడం? ఎప్పుడైంది?”

“నిన్న. పదకొండు వందల నలభై ఆరూ పూర్తయ్యాయని మండలి నుంచి లెటర్ వచ్చింది. మీది మూడు వందల పద్దెనిమిది. అందులోదే కదండీ.”

“ఆమె కండ్లు సూడు మేడం జర. తెల్లగ కనవడ్తలేవా?”

“కనబడుతున్నాయండీ,” అంది తబిత. నిజంగానే బాధపడింది. “కానీ రెండోసారి చేయడానికి పథకంలో లేదు.”

తిరిగి వస్తూ తిరుమలేశ్ ఆటోలో తలెత్తలేదు. తన చేత్తో తనే తల్లి చూపు తుడిచేసినట్టు అతనికి సిగ్గుగా ఉంది. కొమురమ్మ మాత్రం, “నిన్ననే ఐందంటనా? నొప్పి గూడ తెల్వలే,” అంది.

ఇంటికి చేరేసరికి వరప్రసాద్ ఫోన్. తిరుమలేశ్ స్పీకర్ నొక్కాడు.

“ఆదివారం జూబ్లీహిల్స్‌లో సక్సెస్ మీట్ పెడుతున్నామయ్యా. చూపు వచ్చిన లబ్ధిదారు ఒకరు స్టేజీ మీద కావాలి. మిగతావాళ్ల అడ్రసులు మా దగ్గర లేవు, పోయాయి కదా. మీ అమ్మగారు ఎటూ ఆర్టిస్టే. డైలాగ్ కూడా ఉంది. ‘బాబుగారూ, ఈ కళ్లతో నేను మొట్టమొదట చూసిన మొహం మీదే.’ అని కాళ్ల మీద పడాలి. సార్ లేపుతారు. సార్‌కి నచ్చితే వచ్చే పథకంలో మొదటి పేరు ఆమెదే.”

“సిగ్గుండాలె సార్ మీకు!” అని అరిచాడు తిరుమలేశ్. ఫోన్ కట్ చేయబోతుంటే కొమురమ్మ తడుముకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“ముప్పై ఏండ్లు గుంపులనే నిలవడ్డ. ఒక్కడు ఒక్క మాట చెప్పనీయలే,” అంది. “వస్తనని చెప్పు బిడ్డా. కండ్లకు మల్లొక పథకం వస్తదంటున్నడు గద.”

ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. స్టేజీ పక్కన తెర వెనక కొమురమ్మ ఉతికిన చీర కట్టుకుని నిలబడింది. అవతల మైకులో వరప్రసాద్ ఆమె పేరు పిలిచాడు. చప్పట్లు మోగాయి. తిరుమలేశ్ ఆమె భుజం పట్టుకున్నాడు.

“డైలాగు మర్షిపోలే గద అమ్మా?”

“డైలాగుకు ఫికర్ లేదు,” అంది కొమురమ్మ. “ఆ సారు ఏ దిక్కు నిలవడ్డడో, అదొక్కటి చెప్పు బిడ్డా.”