సొరకాయ కింద రాజీ

జూన్ నెల మొదటి ఆదివారం పొద్దున్న ఇవాడరే షోజీ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి గుమ్మం ముందు ఊడ్చి, వేడివేడి మిసో చారు తాగి, గడ్డం గీసుకోవాలి. చీపురు పట్టుకుని వంగేసరికి చెవిలో ఏదో చల్లగా దూరింది. ఉలిక్కిపడి చూస్తే, మేడ మీది వరండాలోంచి వేలాడుతున్న లేత సొరతీగ.

ముప్ఫై ఒక్క ఏళ్లు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. ఏ సంగతైనా కాగితం మీద ఉండాలంటారు. పైగా మేడ మీద అద్దెకుంటున్న నుకినా తొషియే చేపల మార్కెట్లో వేలం పాడుతుంది. ఊరు లేవకముందే వెళ్లి, మధ్యాహ్నం వచ్చి పడుకుంటుంది. ఆరేళ్లలో ఇద్దరూ ఎదురుపడింది తక్కువ. అందుకని చీటీ రాసి మెట్ల దగ్గర పెట్టారు: "మీ వరండాలోని తీగను దయచేసి కాస్త చూసుకోండి."

మర్నాడు జవాబు వచ్చింది: "అలాగేనండీ. తప్పకుండా చూసుకుంటాను." దాంతోపాటు తీగ పాకడానికి వరండాకి ఒక వల కూడా వచ్చింది.

ఇవాడరే గారికి ఒళ్లు మండింది. రెండో చీటీ రాశారు: "ఇలా పెరిగితే మా వీధి గుమ్మం దాకా వచ్చేస్తుంది." రెండు రోజుల్లో ఆ వల కాస్తా కిందికి సాగి సరిగ్గా వీధి గుమ్మం దాకా వచ్చింది.

"చూశావా సుమియే, ఎంత వెటకారమో!" అన్నారు భార్యతో.

"పైకెళ్లి ఒక్క మాట అడిగితే పోయేదానికి చీటీలెందుకండీ?" అందావిడ.

ఆయన పైకి వెళ్లలేదు, కోర్టుకి వెళ్లారు. ఇంటి యజమానులకూ అద్దెదార్లకూ రాజీ కుదిర్చే విభాగంలో, "మేడ మీది తీగ విషయంలో అద్దెదారు చూపుతున్న ఘోరమైన నిర్లక్ష్యం" అంటూ మూడు పేజీల అర్జీ పెట్టారు. వీధి వీధంతా చెప్పుకున్నారు. ఆగస్టు చివర్లో వాయిదా ఇచ్చారు.

అసలు చిక్కు జూలైలో మొదలైంది. ఒక ఉదయం గుమ్మానికెదురుగా బొటనవేలంత పిందె కనబడింది. ఒంటినిండా తెల్లటి నూగు. వారం తిరిగేసరికి అది పసిబిడ్డంత అయింది. సన్నటి నడుము, కింద నిండు పొట్ట, రోజురోజుకీ తేరే నిగనిగ. ఎవరూ చేయి వేయకుండా, ఎక్కడా చప్పుడు లేకుండా, అంత పదార్థం గాల్లోంచి ఎలా ఊరుతోందో ఆయనకి అంతుపట్టలేదు. వేల రైళ్లు పంపిన మనిషి ఆ కాయ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయేవారు.

"ఏమండీ, గుళ్లో కూడా మీరింతసేపు నిలబడగా చూడలేదు," అంది సుమియే.

కాయ పెరిగి గుమ్మానికి అడ్డం పడింది. ఆయన వంటింటి వైపునుంచి రాకపోకలు పెట్టుకున్నారు. తొడిమ తెగుతుందేమోనని భార్యదైన పాత పట్టు నడికట్టుతో ఆయనే దానికి ఉయ్యాల కట్టారు. అర్జీ వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఒకసారి జెండా ఊపిన రైలును ఆయన ఏనాడూ వెనక్కి పిలవలేదు. ఎలాగూ తొషియే మొండికేస్తుంది, ఈలోపు కాయ ముదురుతుందిలే అనుకున్నారు.

వాయిదా రోజు ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. రాజీ కుదిర్చేందుకు ఇద్దరు పెద్దలు. ఒకాయన రిటైరైన ఇళ్ల ఇంజనీరు. రెండో ఆవిడ మొమోసె గారు, డెబ్బై దాటిన మాజీ నర్సు. ఎవరేం చెప్పినా కళ్లు ఆర్పకుండా వింటుంది. తీగ పోవాల్సిందేనని ఆవిడ ముందు అబద్ధం ఆడేటప్పుడు ఇవాడరే గారు కిటికీ వైపు చూశారు.

పావుగంటలో ఆవిడ నవ్వుతూ వచ్చింది. "శుభవార్తండీ. నుకినా గారు ఒప్పేసుకున్నారు. రేపే కోసేస్తారట."

తొషియే కాదనే షరతేదైనా పెట్టాలనుకున్నారు ఇవాడరే గారు. "రేపా? తీగ ఒక్కటీ తీస్తే చాలదు. వలా, మేకులూ, అన్నీ పీకాలి!"

ఆవిడ వెళ్లి వచ్చింది. "పీకేస్తారట."

"ఇక మీదట వరండాలో ఒక్క కుండీ ఉండకూడదు!"

"సరేనన్నారు. పుదీనా కుండీ కూడా తీసేస్తారట."

"తెల్లారుజామున మెట్ల మీద ఆ రబ్బరు బూట్ల చప్పుడు..."

"బూట్లు చేతపట్టుకుని దిగుతారట."

ఇంకేం అడగాలో తోచక ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ, గోడలకి సున్నం కూడా ఆవిడే వేయించాలనే దాకా వెళ్లారు. ఈసారి మొమోసె గారు వచ్చేసరికి నవ్వు లేదు.

"మీకింత కోపం ఉందని ఆవిడకి తెలీదట. నెలాఖరుకి ఇల్లే ఖాళీ చేస్తానంటున్నారు."

ఏటా కొత్త సంవత్సరానికి గుమ్మంలో చేప పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయే మనిషి. ఇవాడరే గారు తల దించుకున్నారు. మొమోసె గారు ఆయన్ని చాలాసేపు చూసి, "ఒకసారి ఆ తీగను మేమూ చూడాలి," అంది.

మర్నాడు పెద్దలిద్దరూ న్యాయమూర్తినే వెంటబెట్టుకొచ్చారు. ఆయన ఫైలు తిరగేస్తూ వచ్చి, తలెత్తి కాయను చూసి, అలాగే ఆగిపోయారు. ఇంజనీరు గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. మొమోసె గారు పురిటి బిడ్డను తడిమినట్టు అరచేయి ఆనించి, "అమ్మో," అంది.

తొషియే మాత్రం మాట తప్పే మనిషి కాదు. నిచ్చెన వేసి, చేపలు కోసే కత్తి పట్టుకుని ఎక్కింది. కత్తి తొడిమకి ఆనింది.

"ఆపండి!"

ఎక్స్‌ప్రెస్ రైలును సైతం ఆపగల గొంతు అది. వీధి చివర సైకిలు తొక్కుతున్న పోస్ట్‌మాన్ కూడా ఆగాడు.

"అది... రోజుకి రెండు సెంటీమీటర్లు పెరుగుతోంది," అన్నారు ఇవాడరే గారు, ముఖం కందగడ్డలా చేసుకుని. "నిన్నటికి చుట్టుకొలత నూట పదిహేడు. నేనే కొలిచాను. దయచేసి కోయకండి. ఇల్లు కూడా ఖాళీ చేయకండి."

తొషియే నిచ్చెన మీదే గిరుక్కున తిరిగింది. "అంటే మీకు కావాలా? మరి నిన్న కోయమన్నారే!"

"ఇంత ప్రేమగా పెంచుకున్నారు, మీరు ఒప్పుకోరనుకున్నాను."

"ప్రేమా? దీని దుంప తెగ! ఏ పిట్ట పడేసిన గింజో, నేను నాటిందే కాదు. చూసుకోండని మీరు రాస్తేనేగా వల కట్టాను! గుమ్మం దాకా వచ్చేస్తుందని రాస్తే ముచ్చటపడుతున్నారనుకున్నాను. తీరా నిర్లక్ష్యమంటూ కోర్టు కాగితం! నీళ్లు చాలలేదేమోనని రోజుకి ఆరు బకెట్లు మోశాను. మార్కెట్ నుంచి చేప పేగులు తెచ్చి ఎరువేశాను. నిన్న కోసేయమన్నారని తెలిసి, ఆ గదిలో సంతోషంతో ఏడ్చానండీ!"

సుమియే కొంగు లాంటిదేదీ దొరక్క చీపురు వెనక మొహం దాచుకుని నవ్వింది. ఇవాడరే గారు నడుము విరిగేలా వంగి క్షమాపణ చెప్పుకున్నారు. తొషియే దిగొచ్చి, తనూ వంగింది.

రాజీపత్రం అక్కడే, కాయ నీడలో రాశారు. కోర్టు తీర్పుకున్నంత బలం ఉంటుంది దానికి. కాయ ముదిరేదాకా యజమాని వంటింటి గుమ్మంలోంచే తిరగాలి. ఆరు బకెట్లూ ఇకనుంచి ఆయనే మోయాలి. బూట్ల చప్పుడు మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

న్యాయమూర్తి గారు అన్నీ చదివించి, ఇరుపక్షాలకూ సమ్మతమేనని రాయించి, ఫైలు మూశాక గొంతు తగ్గించి, విత్తనాలు ఎప్పటికి వస్తాయని అడిగారు.